రెక్కల్లేని గరుడుడు

చైనా మియేవిల్ అని ఓ ఇంగ్లీషు రచయిత ఉన్నాడు. పేరు చూసి చైనావాడనుకునేరు, లండన్లో పెరిగినవాడు. 2000లో ఈయన 'పెర్డీడో స్ట్రీట్ స్టేషన్' అని ఓ నవల రాశాడు. ఆరేడొందల పేజీలుంటుంది. పడుకుని చదువుతూ కునుకు పడితే ముక్కు పచ్చడవడం ఖాయం. దాన్ని నేను మొదట 2011లో చదివాను, ఎమ్మెస్ చేస్తున్నప్పుడు, యూనివర్సిటీ లైబ్రరీ నుంచి తెచ్చుకుని. మొన్న చలికాలంలో మళ్ళీ చదివాను. అప్పుడు ఏ పేజీల కోసం నిద్ర మానుకున్నానో ఈసారి వాటిని గబగబా తిప్పేశాను. చివరి ఇరవై పేజీల దగ్గర మాత్రం వారం రోజులు ఆగిపోయాను. ఎందుకు ఆగానో చెబుదామనే ఇదంతా.

ముందే ఓ మాట. ముగింపు చెప్పకుండా ఈ సంగతి చెప్పడం నా వల్ల కాదు. ఆ నవల చదవాలని ఇప్పటికే అనుకుంటున్నవాళ్ళు ఇక్కడే ఆగి, చదివేశాక రండి. నేనెక్కడికీ పోను.

కథంతా న్యూ క్రోబుజాన్ అనే నగరంలో జరుగుతుంది. రెండు మురికి నదులు కలిసే చోట వెలిసిన నగరం. ఓ పేటలో ఇళ్ళ మీదుగా ఏదో మహాజంతువు పక్కటెముకలు ఆకాశంలోకి లేచి ఉంటాయి. అది ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలీదు. ఊళ్ళోని రైలు మార్గాలన్నీ వచ్చి కలిసే పెద్ద స్టేషను పేరే నవలకి పెట్టాడు. ఆవిరి యంత్రాలూ ఉంటాయి, మంత్రాలూ ఉంటాయి. ఆ మంత్రాల్ని కాలేజీలో చదువుకుని పాసవ్వాలి. మనుషులతో పాటు ఖెప్రీలని ఓ జాతి ఉంది: ఆడవాళ్ళకి మెడ దాకా మనిషి దేహం, ఆ పైన తలకి బదులు ఓ నిండు పేడపురుగు. ముళ్ళున్న బ్రహ్మజెముడు మనుషులున్నారు. నీళ్ళని బంకమట్టిలా మలచగల కప్పమనుషులున్నారు. రేవులో కూలీలు వీళ్ళే. ఓసారి సమ్మె చేసి, నదికి అడ్డంగా నీళ్ళని కోసి గాలి కందకం నిలబెడతారు, పడవలు కదలకుండా. సర్కారు పోలీసుల్ని పంపి చితకబాదిస్తుంది.

ఇలాంటివి మనకేమీ కొత్త కాదు. మా నాన్న బైండు చేయించి దాచిన పాత చందమామల్లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు చదువుతూ పెరిగినవాణ్ణి నేను. మకరదేవత, పాతాళదుర్గం, రాకాసిలోయ... ఆ పేర్లు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. 'చిత్రా' గారి బొమ్మ ఉన్న పేజీని రాత్రిపూట చేత్తో మూసేసి మిగతాది చదివేవాణ్ణి. అయితే ఓ తేడా ఉంది. చందమామలో రాక్షసులు అడవిలోనో దీవిలోనో ఉంటారు, హీరో వెతుక్కుంటూ వెళ్ళాలి. మియేవిల్ రాక్షసులు పక్క వాటాలో ఉంటారు. అద్దె కడతారు, యూనియన్ పెడతారు, ఉద్యోగం పోతే తాగి పడుకుంటారు. ఇరవై రెండేళ్ళ వయసులో, పరాయి ఊళ్ళో రెండు బెడ్రూముల్లో నలుగురం సర్దుకుని ఉంటున్న రోజుల్లో, అది నాకు భలే నచ్చింది.

ఇక కథ. ఐజాక్ అని ఓ లావుపాటి సైంటిస్టు. యూనివర్సిటీవాళ్ళకీ ఇతనికీ పడదు. లిన్ అనే ఖెప్రీ శిల్పి ఇతని ప్రియురాలు. మనిషికీ ఖెప్రీకీ ప్రేమంటే ఆ ఊళ్ళో కూడా చెప్పుకోలేని విషయమే. ఓ రోజు ఐజాక్ దగ్గరికి యాఘరెక్ అనేవాడు వస్తాడు. ఎక్కడో ఎడారిలో ఉండే గరుడజాతివాడు. ఏదో నేరానికి శిక్షగా తనవాళ్ళే అతని రెక్కలు రంపంతో కోసేశారు. అవి లేవని తెలీకుండా ఉండటానికి వీపున కర్రచట్రం కట్టుకుని పైన దుప్పటి కప్పుకుని తిరుగుతుంటాడు. "మళ్ళీ ఎగిరేలా చెయ్యి" అని బంగారం ఇస్తాడు. ఎగరడం ఎలాగో కనిపెట్టడానికి ఐజాక్ ఊళ్ళో దొరికే పక్షుల్నీ పురుగుల్నీ పోగేస్తాడు. అందులో దొంగతనంగా వచ్చిన ఓ గొంగళిపురుగు స్లేక్ మాత్ అనే భయంకరమైన చిమ్మటగా మారి తప్పించుకుంటుంది, ఇంకో చోట బంధించి ఉన్న తన జాతివాటిని కూడా విడిపిస్తుంది. వాటి రెక్కల మీద రంగులు చూస్తే మనిషి కదల్లేడు. అప్పుడవి అతని మనసుని తాగేస్తాయి, ఒళ్ళు బతికే ఉంటుంది. వాటిని పట్టడానికి నగర మేయరు నరకం రాయబారిని సాయం అడిగితే, మా దయ్యాలకి కూడా వాటిని చూస్తే భయమేనని చేతులెత్తేస్తాడు!

మన వృత్తిలో ఉన్నవాళ్ళ కోసం ఓ ముక్క. ఐజాక్ దగ్గర నేల తుడిచే యంత్రం ఒకటుంటుంది. రిపేరుకొచ్చినవాడు చిల్లుల కార్డుతో దానికి వైరస్ ఎక్కిస్తాడు. ప్రోగ్రాం తనని తానే చూసుకునే లూపులో పడి, ఆ చీపురు యంత్రానికి తెలివొచ్చేస్తుంది. ఊరి చెత్తకుప్పలో అలా తెలివొచ్చిన యంత్రాలన్నీ కలిసి ఓ పెద్ద బుర్రగా తయారై ఉంటాయి. 2011లో ఆ భాగం చదివి రూమ్మేట్లకి చెప్పి నవ్వించాను. ఇప్పుడు ఏ మీటింగుకి వెళ్ళినా అదే గోల కాబట్టి పెద్దగా నవ్వు రాలేదు.

అసలు విషయానికొస్తాను. గరుడుడనే పేరు కనబడగానే తెలుగువాడి మనసు ఎటు పోతుంది? భారతంలో గరుత్మంతుడు అమృతం తెచ్చింది తాగడానికి కాదు, కద్రువ దగ్గర దాసిగా పడి ఉన్న తల్లి వినతని విడిపించడానికి. ఇక రెక్కలు తెగిన పక్షి అంటే జటాయువు. సీతని ఎత్తుకుపోతున్న రావణుడికి ముసలితనంలో అడ్డం పడి, రెక్కలు తెగి నేలకూలినవాడు. రాముడు "లే పక్షీ" అన్నచోటే లేపాక్షి అని మనవాళ్ళు చెప్పుకుంటారు. మా స్కూలు విహారయాత్రలో ఆ మాట విన్నప్పుడు మా క్లాసులో సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. మనకున్న కథల్లో రెక్కలు ఆడదాని స్వేచ్ఛ కోసం ఎగిరేవి, లేదా ఆమె కోసం తెగిపోయేవి. అంచేత యాఘరెక్ దుప్పటి తీసి వీపు చూపించగానే నేను అతని పక్షాన చేరిపోయాను. ఆరొందల పేజీలూ అతని పక్షానే ఉన్నాను. ఉండకుండా ఎలా? అతను ఐజాక్ పక్కన నిలబడి పోరాడతాడు, ప్రాణాలు కాపాడతాడు, మాట తప్పడు. నవల మధ్యమధ్యలో అతని గొంతు ఒక్కటే 'నేను' అంటూ వినిపిస్తుంది.

ఇంతకీ అతను చేసిన నేరమేమిటి? మొదట్లోనే చెబుతాడు. గరుడుల చట్టంలో దాని పేరు ఎంపికని దొంగిలించడం, అదీ రెండో తరగతిది, ఎదుటివారిపట్ల బొత్తిగా గౌరవం లేకుండా చేసినది. ఐజాక్‌కి ముక్క అర్థం కాదు. ఏదో ఎడారి జాతుల కట్టుబాటు, మన భాషలోకి రాదులే అని వదిలేస్తాడు.

చిమ్మటల పీడ వదిలాక, పుస్తకం అయిపోవచ్చిందనగా, కారూచాయ్ అనే గరుడ స్త్రీ ఆ ఎడారి నుంచి వస్తుంది. యాఘరెక్‌కి మళ్ళీ ఎగిరే శక్తి ఇవ్వొద్దని ఐజాక్‌ని అడుగుతుంది. ఆ నేరం జరిగింది ఆమె మీద. ఐజాక్‌కి అప్పుడు వెలుగుతుంది. వాళ్ళ ఊళ్ళో దాన్ని ఏమంటారో ఆ మాట అనేస్తాడు. ఆమె ఒప్పుకోదు. ఆ మాటతో పాటు మీ ఊరి అర్థాలన్నీ నా మీదికొస్తాయి, నేను పాడైపోయినదాన్ని కాను, నా ఎంపికని అతను దొంగిలించాడు, అంతే అంటుంది. గరుడుల లెక్కలో అన్ని నేరాలూ ఇవే. నీ దుప్పటి ఎత్తుకుపోతే, దాన్ని కప్పుకోవాలా వద్దా అనే నీ ఎంపిక పోయింది. నిన్ను చంపితే, ముందు ముందు నువ్వు చేసుకోబోయేవన్నీ పోయాయి.

మియేవిల్ ఆ రోజుల్లోనే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అంతర్జాతీయ న్యాయం మీద పీహెచ్‌డీ చేస్తున్నాడని తర్వాత తెలిసింది. ఏడు రకాల జీవుల్ని పుట్టించడానికి ఊహ చాలు. నేరమనేదానికి కొత్త నిర్వచనం ఊహించి, దాన్ని ఓ పాత్ర నోట సహజంగా పలికించడం వేరే సంగతి.

ఇక్కడ పుస్తకం మూసి మన మాటల గురించి ఆలోచనలో పడ్డాను. మన పేపర్లు ఇలాంటి వార్తకి ఏ మాట వాడతాయి? మానభంగం. పోయింది మానం. శీలం దోచుకున్నాడు. పోయింది శీలం. చెరిచాడు. పాడైంది ఆమె. వాడేం చేశాడన్నది మాటలో చివరికొస్తుంది, ఆమె ఏమైపోయిందన్నది ముందుకొస్తుంది. చిన్న నేరాలకి కూడా ఇదే తంతు. పెళ్ళాన్ని కొడితే 'చెయ్యి చేసుకున్నాడు' అంటాం. దెబ్బ ఎవరికి తగిలిందో ఆ మాటలో ఎక్కడా ఉండదు చూడండి, చెయ్యి ఒక్కటే ఉంటుంది. కారూచాయ్ పోట్లాడుతున్నది సరిగ్గా దీనితోనే.

ఆ వారం నేను అక్కడే ఆగిపోవడానికి ఇంకో కారణముంది. నా ఫోన్లో జవాబివ్వని మెసేజి ఒకటి ఉంది.

ఎమ్మెస్ రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న మిత్రుడు పంపింది. నాన్న పంపాల్సిన డబ్బు ఆలస్యమై ఫీజు గడువు మీదికొస్తే, తన అకౌంట్లో ఉన్నదంతా నాకు ఇచ్చినవాడు. రాత్రి రెండింటికి నాకు అపెండిసైటిస్ నొప్పి వస్తే, ఎవరిదో కారు అడుక్కొచ్చి మంచులో ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఆపరేషన్ అయ్యేదాకా కుర్చీలో కూర్చున్నవాడు. ఆ రాత్రి గురించి మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. అతని భార్య నిరుడు ఇల్లు వదిలి వెళ్ళి కోర్టుకెక్కింది. కొట్టాడు. అంతకు ముందు రెండేళ్ళుగా ఆమె పాస్‌పోర్టు, డిగ్రీ సర్టిఫికెట్లు, బ్యాంకు కార్డు తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఇవి ఎవరో చెప్పినవి కావు, అతనే నాతో ఒప్పుకున్నాడు. "ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నాన్రా. నన్ను నువ్వెరుగుదువు కదా. నేను ఎలాంటివాణ్ణో జడ్జిగారికి ఒక లెటర్ రాసివ్వు చాలు" అన్నాడు. ఇక్కడి కోర్టుల్లో అలాంటి ఉత్తరాలు మామూలే. అబద్ధం రాయమని కూడా అతను అడగలేదు. ఫీజు కట్టిన సంగతి, ఆసుపత్రి సంగతి రాస్తే చాలు. రెండూ నిజమే.

ఆమె మా ఆవిడకి ఫోన్ చేసింది. ఉత్తరం సంగతి ఎలాగో తెలిసినట్టుంది. నాతో మాట్లాడతానంది.

"అన్నయ్యగారూ, ఆయన మీకు చేసిన సాయం అబద్ధమని నేనెప్పుడూ అనను. కానీ మీరా కాయితం రాస్తే, మీరు చూసిన మనిషే నేను చూసిన మనిషి కూడా అని రాసిచ్చినట్టవుతుంది."

నాకేమనాలో తోచక, "ఎంత కష్టం వచ్చిందమ్మా నీకు" అన్నాను.

"అయ్యో అనడానికి చాలామంది ఉన్నారండీ. నా సర్టిఫికెట్లు నాకొస్తే ఉద్యోగం చూసుకుంటాను" అంది.

ఊరినుంచి వచ్చే ఫోన్లలో మాత్రం అందరిదీ ఒకటే పాట, "ఆ పిల్ల బతుకు పాడైపోయింది పాపం" అని. ఆమె అడిగిన సర్టిఫికెట్ల మాట ఒక్కరి నోటా రాలేదు.

నవల్లో ఐజాక్ పడిన అవస్థ ఇదే. యాఘరెక్ అతనికి మిత్రుడు, ప్రాణం కాపాడినవాడు. ఎగిరేలా చేస్తానని మాటిచ్చాడు. చేస్తే, కారూచాయ్ మనుషులు వేసిన శిక్ష చెల్లదని తీర్పు చెప్పినట్టు. చెయ్యకపోతే, ఆ శిక్ష సరైందేనని చెప్పినట్టు. రెంటికీ మధ్య ఊరికే నిలబడే చోటు కోసం అతను వెతుక్కుంటాడు. అది దొరకదు. పైగా ఐజాక్ చేతులు కూడా శుభ్రంగా లేవు, ఈసారి చదువులో నన్ను బాగా కుదిపింది ఇదే. చిమ్మటల్ని పట్టడానికి ఎరగా ఓ మనిషి మనసు కావాలి. ఐజాక్, అతని స్నేహితులు కలిసి ఆసుపత్రి నుంచి ఎలాగూ చావబోతున్న ఆండ్రే అనే ముసలివాణ్ణి ఎత్తుకొచ్చి, కట్టేసి, అతను బతిమాలుతున్నా వినకుండా యంత్రానికి తగిలిస్తారు. నగరం బతుకుతుంది, అతను చచ్చిపోతాడు. గరుడుల లెక్కలో అదేమిటి? పుస్తకం ఆ ప్రశ్న పైకి అడగదు. ఆండ్రేకి ఒక పేరు పెట్టి ఊరుకుంటుంది. అది చాలు.

శిక్షల్ని కూడా మియేవిల్ వెనకేసుకురాడు. ఆ నగరపు కోర్టులు నేరస్తుల ఒంటికి యంత్రాల్నో జంతువుల అవయవాల్నో అతికించి పంపుతాయి. బిడ్డని చంపిన ఓ తల్లి ముఖానికి ఆ బిడ్డ చేతులే కుట్టేస్తారు, మరిచిపోకూడదని. అది చదివి ఒళ్ళు గగుర్పొడిచినవాడికి, రెక్కలు కోయడం న్యాయమని ఒప్పుకోవడం ఎలా కుదురుతుంది? అందుకే ముగింపులో ఎవరు ఒప్పు అన్నది తేలదు. చివరికి ఐజాక్, యాఘరెక్ ముఖాన మాట చెప్పకుండా, చిమ్మట సగం తాగేసిన మనసుతో మిగిలిన లిన్‌ని తీసుకుని ఊరు వదిలిపోతాడు. యాఘరెక్ ఒంటిమీది ఈకల్ని ఒక్కొక్కటీ తనే పీకేసుకుని, మనిషిగా బతుకుదామని ఆ మురికి నగరపు వీధుల్లోకి నడుస్తాడు.

నేను ఫోన్ చేశాను. లెటర్ రాయనని చెప్పాను. ఆ ఫీజు, ఆ రాత్రి బతికున్నంత కాలం మర్చిపోనని, డబ్బు అవసరమైతే అడగమని, సర్టిఫికెట్లు మాత్రం ఆ అమ్మాయికి ఇచ్చెయ్యమని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇంతేనారా" అని పెట్టేశాడు. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. సర్టిఫికెట్లు లాయరు ద్వారా ఆమెకి చేరాయని మా ఆవిడ చెప్పింది. అది నా ఫోను వల్ల జరిగింది కాదు, కోర్టు ఇమ్మంటే ఇచ్చాడు. అతను ఆసుపత్రి కుర్చీలో తల వాల్చి నిద్రపోతున్న ఫోటో ఒకటి నా దగ్గరుంది. తీసెయ్యలేదు.

మొదటిసారి చదివినప్పుడు యాఘరెక్ ఈకలు పీక్కునే చోట బాధపడ్డాను. ఈసారీ బాధపడ్డాను. ఆ బాధేమీ తగ్గలేదు. కాకపోతే ఈసారి చదివేటప్పుడు కారూచాయ్ తన ఎడారికి తిరిగి వెళ్ళే దారి కూడా కళ్ళముందు ఉంది. అంత దూరం నుంచి ఒక్క మాట చెప్పడానికి వచ్చింది. ఆరొందల పేజీలు యాఘరెక్‌కి దక్కితే, ఆమెకి దక్కినవి కొన్ని పేజీలు. జటాయువు కథలో సీత మాట ఎంత వినిపిస్తుందో లెక్కేసుకుంటే, మనం కూడా పెద్దగా గొప్పలు పోనక్కర్లేదు.

చదవాలనుకునేవాళ్ళకి రెండు హెచ్చరికలు. ఈయనకి విశేషణాల పిచ్చి, ప్రతి గోడకీ నాలుగు రకాల మురికి పూయందే వదలడు. మధ్యలో ఓ నూటయాభై పేజీలు సాగుతుంది కూడా. లిన్ అంత మంచి శిల్పి, ఆమెని చివరికి హీరో దుఃఖం కోసం వాడుకున్నాడన్న ఫిర్యాదు నాకుంది, మా ఆవిడకి ఇంకా ఎక్కువ ఉంది. అయినా చదవండి. నచ్చితే అదే లోకంలో జరిగే 'ద స్కార్' 2002లో, 'ఐరన్ కౌన్సిల్' 2004లో వచ్చాయి. కథలు వేరు కాబట్టి వరసగా చదవాలనేం లేదు.

చివరగా, ఆ గరుడుల నేరానికి తెలుగులో పేరు పెడదామని చాలా తంటాలు పడ్డాను. 'ఎంపిక దొంగతనం' అంటే రిగ్గింగులా ఉంది. 'ఇచ్ఛాచౌర్యం' అంటే పురాణం చెబుతున్నట్టుంది. 'ఇష్టాన్ని దోచుకోవడం' అంటే సినిమా పాటైపోయింది. దోచుకున్నవాడి తప్పు కనబడాలి, పోగొట్టుకున్నావిడ మీద మచ్చ పడకూడదు, పేపర్లో హెడ్డింగుగా పట్టాలి. మీకెవరికైనా తడితే చెప్పండి.